నాయన చెవిలో బ్లూటూత్

ఒకరి చెవిలోంచి తీసిన ఇయర్‌బడ్‌ను వెలుతురుకు పట్టి చూసినవాళ్లు ఆ పూట అన్నం సరిగా తినలేరు. నేను మా నాయన బడ్స్‌ను కొన్ని నెలలపాటు అట్లా పట్టి పట్టి చూశాను. జాలీ నిండా పచ్చటి జిడ్డు. అది చాలదన్నట్టు వాటిని పెట్టే డబ్బీ లోపల కూడా అదే జిడ్డు. చెవిలో గులిమి డబ్బీ దాకా ఎట్లా పాకిందో అర్థం కాక, ముక్కు మూసుకుని దూదితో తుడిచేదాన్ని. గులిమికి వాసన ఉండదని తెలిసినా ముక్కు మూసుకునేదాన్ని.

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. తమ్ముడు చీరలు పరిచి చూపిస్తాడు. నేను జమ్మలమడుగులో బడి పంతులమ్మను, సెలవు దొరికితే పుట్టింటికి వస్తాను. నాయనకు చెవులు మందగించి కొన్నేళ్లయింది. చెవి మిషన్ పెట్టుకోమంటే అరిచినంత పని చేశాడు.

"ఆ మిషను చూస్తే గిరాకీ ఏమనుకుంటాది? సెట్టి పని అయిపోయిందనుకుంటాది."

మరి బ్లూటూత్ సంగతో? ఊళ్లో మీసం మొలిచిన ప్రతివాడి చెవిలోనూ అదే. అది పెట్టుకుంటే సెట్టికి వయసు తగ్గిందనుకుంటారు గానీ చెవుడనుకోరు. ఎదుటివాళ్ల మాటను పట్టి చెవిలోకి గట్టిగా పంపే వసతి ఫోన్లోనే ఉంది. నాయన ఫోన్ను చీరలు పరిచే చోట పెట్టి, బడ్స్ ఆయన చెవుల్లో పెట్టాను. మొదటిరోజు ఆయన మొహం చూడాలి. పక్క అంగట్లో బేరం కూడా వినపడతాందని మురిసిపోయాడు.

ఆ మురిపెం వారం నిలవలేదు. పొద్దున బాగానే ఉండేది, ఎండెక్కేసరికి ఎడమది తెగిపోయేది, కాసేపటికి కుడిది. తెగేటప్పుడు లోపల ఒక గొంతు ఇంగ్లీషులో చెప్పి మరీ పోయేది.

"ఎవరో ఆడమనిషి ఏందో చెప్పి పోతాంది పాపా. మళ్లా రాదు," అనేవాడు నాయన.

తెగితే తెగిందని ఒప్పుకునే మనిషి కాదు. నవ్వు మొహం పెట్టుకుని, ఎవరేమన్నా తల ఊపేవాడు. ఒకరోజు వేంపల్లె నుంచి వచ్చినాయన చచ్చిపోయిన తల్లికి కప్పడానికి తెల్లగుడ్డ అడిగాడు. నాయన చిరునవ్వుతో, "శుభమా అని తీసుకోండప్పా, మళ్లా మళ్లా రావల్ల," అన్నాడు. ఆయన గుడ్డ అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "ఇట్లయితే ఎట్లక్కా, నాయన్ను ఇంటికాడ కూచోబెట్టేదే మేలు." నాయనతో మాత్రం మెత్తగా మాట్లాడేవాడు. "అలిసిపోతాండావు నాయనా, ఇంటికాడ చల్లగా పండుకోరాదా," అంటూ ఫ్యాను ఆయన వైపు తిప్పేవాడు. కొడుకుకు తన మీద ఎంత ప్రేమో అని నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. గల్లా దగ్గరి ఆ చోటు పోతే మా నాయనకు ఇంకేమీ మిగలదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చి అక్కడే కూర్చున్న మనిషి. అందుకే ఆ దిక్కుమాలిన బడ్స్‌ను బాగుచేయడం నా మెడకు చుట్టుకుంది.

చేయనిదంటూ లేదు. ఫోన్లో జత తీసేసి మళ్లీ కలిపాను. తమ్ముడి ఫోన్ వాటిని లాక్కుంటోందేమోనని అందులోనూ తీసేశాను. బటన్ నొక్కిపట్టి కొత్తదాని మాదిరి చేశాను. కంపెనీకి ఫోన్ చేస్తే తెలుగుకు రెండు నొక్కమన్నారు, నొక్కితే హిందీలో మాట్లాడారు. ఆపి మళ్లీ ఆన్ చేశారా మేడమ్ అని ఆ పిల్ల అడిగిన తీరుకు నాకు ఒళ్లు మండింది. బజార్లో సెల్ అంగడివాడైతే బడ్స్‌ను చేత్తో ముట్టుకోనైనా లేదు. ఆ పచ్చటి జిడ్డు చూసి మొహం పక్కకు తిప్పుకుని, "ఇవి ఇంతే మేడమ్, కొత్తవి తీస్కోండి," అన్నాడు. వాడి రోత నాకర్థమైంది, అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఇక లాభం లేదని రెండు రోజులు సెలవు పెట్టి, ఒక శుక్రవారం అంగడి తెరిచే వేళకే వెళ్లి కూర్చున్నాను. నాయన ఊదుకడ్డీలు వెలిగించి, గిన్నెలో పసుపు తడిపాడు. మీటరు కడ్డీకి బొట్టు, కత్తెరకు బొట్టు, ఫోన్లో దుడ్లు పడినాయని అరిచే డబ్బాకు బొట్టు. గల్లాపెట్టె మూత ఎత్తి లోపల కూడా పెట్టాడు. ఆ తర్వాత జేబులోంచి బడ్స్ డబ్బీ తీశాడు. దాని మూత కూడా ఎత్తాడు. బడ్స్ కూర్చునే గుంటల్లో, సరిగ్గా ఛార్జింగు ఎక్కే చిన్న చిన్న ఇత్తడి మొనల మీద, వేలితో నిండుగా పసుపు రాసి, కళ్లకద్దుకున్నాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. నేను ముక్కు మూసుకుని తుడిచిందంతా లక్ష్మీదేవి పసుపు.

"లోపల ఎందుకు పెడతాండావు నాయనా?"

"బాగుందే పాపా! గల్లాకు లోపల పెట్టమా? మూత ఉండే దేనికైనా లోపలే పెట్టల్ల."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పసుపు అడ్డుపడి రాత్రంతా పెట్టినా ఛార్జింగు సగం కూడా ఎక్కడం లేదని చెప్పాను. చానాసేపు వాదించి, చివరికి బొట్టు డబ్బీ పైన పెట్టడానికి ఒప్పుకున్నాడు. గుంటలన్నీ స్పిరిట్‌తో కడిగినట్టు తుడిచి ఛార్జింగు పెట్టాను.

మరుసటి రోజు మధ్యాహ్నం దాటినా మాట తెగలేదు. నేను గల్లా పక్కనే కూర్చుని నా పనితనానికి నేనే మురుస్తున్నాను. సింహాద్రిపురం నుంచి చీనీకాయల తోటలున్న ఆసామి ఒకాయన వచ్చాడు, ఏళ్లుగా మా అంగట్లోనే తీసుకునేవాడు. తమ్ముడు ఆయన ముందు చీరలు పరిచాడు. ఫోన్ ఆ చీరల పక్కనే ఉంది.

"ఈ ఎర్రంచు రంగు దిగుతాదేమో, పెద్దసెట్టిని అడుగు," అన్నాడాయన.

ఆ వేళకు బడ్స్ ఎప్పుడూ తెగిపోయే ఉంటాయన్న ధీమాతో తమ్ముడు గొంతు తగ్గించాడు. నాకు పెదవుల కదలిక తప్ప ఏమీ వినపడలేదు. ఆసామి ఇబ్బందిగా నవ్వాడు. తమ్ముడు ఇటు తిరిగి, ఎప్పటిలాగే ప్రేమగా, గట్టిగా అడిగాడు. "నాయనా, టీ తాగుతావా?"

నాయన గల్లాపెట్టెలోకి చూస్తూ ఉన్నాడు. తల ఊపలేదు.

"ఎర్రంచుది దిగుతాదప్పా, దాని పక్కన ఆకుపచ్చది తీసుకో," అన్నాడు తీరిగ్గా. "టీ వద్దులేరా."

మడత పెడుతున్న తమ్ముడి చేతులు అట్లాగే ఆగిపోయాయి. ఆ పొద్దంతా మళ్లీ నాయన వైపు చూడలేదు.

వాడేమన్నాడో ఇంటికి నడుస్తూ అడిగాను. నాయన దాచలేదు.

"చెవిటోని ముందర శంఖమెందుకు మామా అన్న్యాడు. బొమ్మను కూచోబెట్టినట్ల కూచోబెట్టినామంట. దసరా పోతానే ఇంటికాడ పడేస్తారంట."

నాకు తమ్ముడి మీద రోత పుట్టింది. గులిమి అనుకుని తుడిచిన రోజుల్లో కూడా అంత రోత కలగలేదు. నిలదీస్తానని అంటే నాయన వద్దని చెయ్యి ఊపాడు. బడ్స్ రెండూ తీసి, పంచె అంచుతో తుడిచి, డబ్బీలో పెట్టి నా చేతికిచ్చాడు.

"బాగా చేసినావు పాపా. ఇది తెగిపోయినప్పుడల్లా, వాడు అందరికీ నా గురించి మంచిగా చెప్తాండాడనుకుంటా ఉంటి," అన్నాడు.