అట్లతద్దికి ఇద్దరు చంద్రులు

ఒక్క దణ్ణంతో మా వీధి ముత్తైదువలందరి నోమునీ గోదాట్లో కలిపిన ఘనురాలిని నేనేనండి. ఎలాగో చెబుతాను, వినండి.

బండారులంక నుంచి మామిడికుదురు కాపరానికొచ్చిన తొలి ఏడాది అది. అట్లతద్ది వచ్చింది. మొగుడి ఆయుష్షు కోసం పట్టే నోమాయె. తెల్లారకుండా తిన్న పెరుగన్నమే తిండి, మళ్లీ చంద్రుడికి దణ్ణం పెడితేగాని మంచినీళ్లు కూడా ముట్టకూడదు. పొద్దుగూకింది, గౌరీపూజ అయింది. పళ్లెంలో అట్లు నన్ను చూస్తున్నాయి, నేను అట్లను చూస్తున్నాను. ఆకాశం నిండా మబ్బు.

అత్తగారికి కళ్లు మసక. "అమ్మాయ్, నీవి లేత కళ్లు. చంద్రుడు కనబడితే కేకెయ్యి" అన్నారు.

ఆకలి రుచెరగదంటారు గాని, దిక్కు కూడా ఎరగదండి. కొబ్బరిచెట్ల వెనక మబ్బు ఎర్రబడింది. మధ్యలో కాలిన పెనంలా గుండ్రంగా ఒక వెలుగు.

"అత్తయ్యగారండీ, వచ్చేశాడండీ."

వీధిలో ఆడవాళ్లంతా చేరారు. పక్కింటి పిన్నిగారు కళ్లు చికిలించి, "ఎర్రగా ఉన్నాడేంటే?" అన్నారు.

"లేచేటప్పుడు అలాగే ఉంటాడండి."

"ఊగుతున్నాడు కూడానూ."

"పస్తున్నాం కదండీ, ఊగేది మనవండి."

"ఆయ్, అంతేలే."

ఎండిన నోళ్లతోనే దణ్ణాలు పెట్టాం, వాయనాలిచ్చుకున్నాం, అట్ల మీద పడ్డాం.

అప్పుడే మా ఆయన సైకిలు దిగారు. "ఎటు తిరిగి దణ్ణం పెట్టేరు?" అన్నారు. చూపించాను.

"అది పడమర కదే. కాలవ అవతల కొత్తగా తవ్విన గ్యాసు బావి. ఇందాకే దాని మంట వెలిగించేరు, ఇక రాత్రీ పగలూ మండుతూనే ఉంటుందిట."

వెనక్కి తిరిగి చూస్తే, పశువుల పాక మీద మబ్బు తప్పించుకుని అసలు చంద్రుడు చల్లగా నిలబడి ఉన్నాడు. నా నోట్లో అట్టు నోట్లోనే ఆగిపోయింది. మింగితే నోము పోతుందా, ఉమ్మితే ప్రసాదం పోతుందా, ఏమీ తోచలేదు. అత్తగారు ఈ చంద్రుణ్ణీ ఆ చంద్రుణ్ణీ మార్చి మార్చి చూసి, "ఒరే నాన్నా, నీ ఆయుష్షేం కానురా?" అని బావురుమన్నారు.

ఆయన నా పళ్లెంలోంచి ఓ అట్టు చుట్టి నోట్లో పెట్టుకున్నారు. "ఏం కాదమ్మా. పైవాడికి నెలనెలా అమావాస్య. నీ కోడలు పట్టుకొచ్చిన చంద్రుడికి రోజూ పున్నమే. నాకిదే నయం."

ఆ మంట చాలా ఏళ్లు వెలిగింది. గ్యాసు అయిపోయి అది ఆరిన ఏడాదే ఆయనా పోయారు. నా నోము అందుకున్నది ఎవరో నాకిప్పటికీ తేలలేదండి. అందుకే గౌరమ్మ మీద ఒట్టేసుకున్నాను: తూర్పెటో పదిమందిని అడిగితేగాని ఇంక ఏ వెలుగుకీ దణ్ణం పెట్టను. వీధి లైటుకైనా సరే.