మిగతా కథ వెండితెరపై

అరవైల్లో ఒకసారి మక్తల్ బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా చేతిలోని సినిమా పాటల పుస్తకం మీద వేలు పెట్టి, "గిది ఏం కథ బిడ్డా, జర సదివి చెప్పు" అంది.

టాకీసు ముందు అమ్మే ఆ పలుచని గులాబీ కాగితాల పుస్తకంలో పాటలతో పాటు సగం కథ కూడా ఉండేది. గట్టిగా చదివాను. జాతరలో తప్పిపోయిన పిల్ల కోసం తల్లి ఊరూరా తిరుగుతుంది. సరిగ్గా అక్కడే "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఆపేశారు.

"మరి పిల్ల దొరికిందా?"

"చెప్తే మజా పోతదవ్వా. సినిమా చూడు" అన్నాను, చూసినదానిలా.

"మా ఊర్ల టాకీసు యాడున్నది బిడ్డా?"

నవ్వి పుస్తకం మూసేశాను.

దేవరకద్రలో మూట చంకన పెట్టుకుని దిగుతూ, "దొరికే ఉంటది తియ్. తల్లి గంతగనం తిరిగింది గద" అంది, నాకే ధైర్యం చెబుతున్నట్టు.

నిజానికి ఆ సినిమా నేనూ చూడలేదు. చూశానని గొప్పకు అబద్ధమాడినదాన్ని, పిల్ల దొరికిందని ఇంకొక్కటి ఆడితే నా సొమ్మేం పోయేది?