టైపు మాస్టారి కంప్యూటర్ పాఠం

పోర్టులో గుమస్తా ఉద్యోగానికి టైపు పరీక్ష రాసి తప్పినవాణ్ణి నేను. తప్పినవాడికి మిగిలేది పక్కవాళ్లకు నేర్పడమే కాబట్టి, మా ఊరు రాజోలు తిరిగి వెళ్లడానికి మొహం చెల్లక ద్వారకా నగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. గుమ్మం మీద 'భీమశంకరరావు, ప్రిన్సిపాల్' అని రాయించుకున్నాను. ప్రిన్సిపాలూ నేనే, రిబ్బన్లు మార్చేదీ నేనే, గది ఊడ్చేదీ నేనే.

నా పాఠం ఒక్కటే. కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద. తలెత్తి మిషను వైపు చూస్తే నాకు ఒళ్లు మండేది. వరస చివర గంట మోగగానే ఎడమ చేత్తో లివరు తోసి కొత్త వరసకు రావాలి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లి భోజనాల్లో కూడా నా ఎడమ చెయ్యి పక్కవాడి మంచినీళ్ల గ్లాసును తోసేసేది.

ఎనభై ఆరులో మా ఎదురుగా కంప్యూటర్ సెంటర్ ఒకటి వెలిసింది. అద్దాల తలుపులు, లోపల ఏసీ. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. మా పిల్లలు ఒక్కొక్కరే గుడికి వెళ్లినట్టు అటు జారుకున్నారు. చివరికి గోపాలపట్నం నుంచి వచ్చే కాంతం కూడా నా బల్ల ముందు నిలబడింది. మిగిలిన నలుగురు పిల్లలూ ఆమె ఎటంటే అటు. ఆమె పోతే నేను తాళం వేసుకోవడమే.

"నాను కూడా అక్కడ సేరిపోదామనుకుంతన్నానండి మాస్టారూ."

"ఆదివారం రా. మన దగ్గరా కంప్యూటర్ వస్తోంది" అనేశాను. వస్తోందని నాకూ అప్పుడే తెలిసింది.

వన్ టౌన్‌లో ఓడల మీద దిగిన విదేశీ సామాను అమ్మే నా స్నేహితుడు తాతబాబు కాళ్లమీద పడ్డాను. అతను సంచిలోంచి పలకంత వస్తువొకటి తీశాడు. మీటలు తప్ప ఇంకేమీ లేవు.

"మిగతాది ఏది?"

"మీ ఇంటికాడే ఉంది బావ. టీవీ, టేప్ రికార్డరు తగిలించీ. పిట్ట కొంచెం, కూత ఘనం."

ఆదివారం మా ఇంటి టీవీని, టేప్ రికార్డర్నీ రిక్షాలో తెచ్చి బల్ల మీద పెట్టాను. గొంతు సవరించుకుని పాఠం మొదలెట్టాను. "ఈ టీవీయే కంప్యూటర్. ఈ మీటలు దాని టైపు మిషను. టేప్ రికార్డరు మధ్యలో పాటలకి." ఎదురు చెప్పేంత తెలిసినవాళ్లు అక్కడ లేరు.

మీటలతో పాటు వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, కళ్లు దాని మీదే నిలిపి, అందులోని ప్రోగ్రాం కొట్టాను. వరస అయినప్పుడల్లా నా ఎడమ చెయ్యి గాల్లో లివరు తోసింది. రెండో వరసకే టేప్ రికార్డరు వెళ్లి కాంతం ఒళ్లో పడింది. మిషను కుయ్ కుయ్‌మంటూ ఉంటే నా వేగాన్ని మెచ్చుకుంటోందనుకున్నాను. పేజీ ముగించి గర్వంగా తలెత్తాను. పిల్లలు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"మాస్టారండీ, ఒక్క వరసే ఎక్కింది. అది నిండిపోయి ఎప్పుడో ఆగిపోనాది. మీరు తెర సూడలేదేటి?" అంది కాంతం.

వరస అయిందని చెప్పే మీట ఒకటి ఉందని ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసుందట. అది నొక్కితేనే మిషను ఆ వరసను లోపలికి తీసుకుంటుందట. నేను గాలికి పాఠం చెప్పాను.

కాంతం నన్ను లేపి కూర్చుంది. తెర చూస్తూ, ఆ మీట నొక్కుతూ కొట్టింది. తెర నిండా ఆమె పేరు పరుగెత్తింది. ఆ సంతోషంలో నా కాలు టీవీ వైరుకు తగిలింది. బొమ్మ పోయి తెరంతా చీమల్లాంటి చుక్కలు కమ్ముకున్నాయి.

"కంప్యూటర్ చచ్చిపోయింది" అన్నాను.

ఆమె వైరు మళ్లీ గుచ్చింది. పేరు అక్కడే ఉంది. "టీవీ కంప్యూటర్ కాదండి, వొట్టి మొగం. బుర్ర ఈ మీటల కిందే ఉన్నాది."

అంతలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే తెర ఖాళీ. కొట్టింది కాగితం మీద ఉండిపోవడమే నాకు తెలుసు. కాంతం పుస్తకం తిరగేసి, పక్కన పెట్టిన టేప్ రికార్డరు వైపు చూసింది. "దీనిది పాటల పని కాదండి. మనం కొట్టింది దాసుకోడానికి."

మూడు భాగాల పనులు చెప్పి మూడూ తప్పు చెప్పిన ప్రిన్సిపాల్ని నేను. సోమవారం తాళం చెవి జేబులోంచి తీయబుద్ధి కాలేదు. వెళ్లేసరికి గుమ్మంలో కాంతం, వెనక నలుగురూ నిలబడి ఉన్నారు.

"ఎదురుగా చేరలేదా అమ్మా?"

"అక్కడ మాస్టారికి అన్నీ వొచ్చునటండి. తప్పు సేత్తే కసురుతాడట, ముట్టుకోనివ్వడట. మీకైతే ఏటీ రాదు కదండీ. మాకు బయం లేదు."

తాళం తీయడానికి కాసేపు పట్టింది. కళ్లల్లో నీళ్లు అడ్డొచ్చి కన్నం కనబడలేదు. అన్నీ వచ్చిన మాస్టారిగా పోగొట్టుకోబోయిన పిల్లల్ని, ఏమీ రాని మాస్టారిగా నిలబెట్టుకున్నాను. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.