టిఫిన్ డబ్బాలో పసిపిల్ల గుడ్డ

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే కరీంనగర్ నుంచి మా మనుమరాలు ఫోన్ చేసింది. మొహాలు కనబడే ఫోనే, కానీ మొహం కనబడలే. కండ్లద్దాలు సర్దుకుని చూస్తే తెర నిండా పసిపిల్ల డైపర్ ఒకటి, విప్పి కిటికీ వెలుతురుకు పట్టి ఉంది. "అమ్మమ్మా, జర మంచిగ చూడు. నిన్నటిదాక పసుపుపచ్చగ ఉండె, ఇయ్యాల ఆకుపచ్చగైంది. గిది మంచిదేనా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టిన. పాలు తాగుతున్నదా, ఉచ్చ ఎప్పటిలెక్కనే పోస్తున్నదా, కండ్లు తెరిచి నీ దిక్కు చూస్తున్నదా అని అడిగిన. అన్నిటికీ అవునన్నది. "అయితే పిల్లకేం కాలే. నువ్వు ముందుగాల ఇంత తిను" అన్న. మా ఇంటి ఆడపిల్లలందరికీ ఇది అలవాటే. అందరూ చదువుకున్నోళ్లు. డాక్టర్ల దగ్గరికి పోతరు, పోవాలె కూడ. కానీ పోయే ముందు ఒకసారి నాకు చూపిస్తరు. చాయ్ తాగే వేళ అయినా, అన్నం తినే వేళ అయినా సరే. ఈ పెద్దరికం నాకు ఎట్ల వచ్చిందో చెప్పాలంటే మందమర్రికి పోవాలె, మా పెద్దబిడ్డ పుట్టిన కాలానికి.

మాది కరీంనగర్ దిక్కు ఒక చిన్న ఊరు, మగ్గాల ఇల్లు. మా ఆయన మందమర్రిలో బొగ్గు గనిలో పని చేస్తుండె. లగ్గమైనంక గని పనోళ్లకిచ్చే లైను క్వార్టర్లలో ఒకదాంట్లో కాపురం పెట్టినం. మా గోడకు ఈ పక్కన మరాఠీ మాట్లాడేటోళ్లు, ఆ పక్కన ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినోళ్లు. అందరి పొయ్యిల్లో ఒకటే బొగ్గు, అందరి దండేల మీద ఒకటే నల్లదుమ్ము. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవుడు ఆచారం కదా, నేను మాత్రం పోలేదు. కారణం చెప్తే ఇప్పటి పిల్లలు పడి పడి నవ్వుతరు. అప్పుడే మా అవ్వకు కూడ నెలలు నిండినయి! మా ఆఖరి తమ్ముడు ఆమె కడుపులో ఉండె. తల్లీబిడ్డలిద్దరూ ఒకే ఇంట్లో ఒకేసారి మంచం పడితే నీళ్లు కాచేది ఎవరని మా బాపు మనిషితో కబురు పంపిండు. అందుకని ఆసిఫాబాద్ అవతల పల్లెనుంచి మా అత్తమ్మ దిగింది. చంకలో పాత చీరల మూట, కొంగుకు కట్టుకున్న వసకొమ్ము, మొహాన ఇంత పెద్ద బొట్టు. వచ్చీరాంగనే ఇల్లు తన చేతిలోకి తీసుకున్నది.

పిల్ల పుట్టిన మర్నాడు మొదటిసారి గుడ్డ విప్పితే నల్లగా, జిగటగా, తారులెక్క ఉంది. నేను భయపడ్డ. అత్తమ్మ మాత్రం నవ్వి, "భయమెందుకే, కడుపుల ఉన్నప్పటిది గట్లనే ఉంటది" అన్నది. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, మసి మొహంతోనే తొంగి చూసి, "నా బిడ్డ నాకంటె ముందే గనిల దిగి వచ్చినట్టుంది" అన్నడు. ఆ మాట లైనంతా పాకింది. చానా రోజులు పిల్లను బొగ్గుల పోరి అనే పిలిచిన్రు. పిల్ల కింద వేసేందుకు ఆయన పాత ధోతులు, మా అవ్వ నేసి ఇచ్చిన చీర ముక్కలు చదరంగా చింపి పెట్టుకున్నం. ఇప్పుడు డైపర్ అంటరు, మేము ఉన్నమాట అంటుంటిమి: ఉచ్చగుడ్డ, పియ్యిగుడ్డ. సబ్బు పెట్టి ఉతికి, బొగ్గు పొయ్యి మీద ఉడకబెట్టి, బయట ఆరేస్తే గాలికి బొగ్గు దుమ్ము వచ్చి చుక్కలు చుక్కలుగా పడేది. మళ్లీ ఉతుకుడు. ఆఖరికి ఇంట్లోనే అడ్డంగా తాడు కట్టినం. మా ఆయన ఆ గుడ్డల కింద వంగి నడిచి, గుడ్డల కింద కూసోని తిని, గుడ్డల కిందనే పండుకునేటోడు. గనిలోనే నయం, తల పైకెత్తి నడవొచ్చు అని గులిగేటోడు.

నలుపు పోయి, ఆకుపచ్చ వచ్చి, తర్వాత పసుపుపచ్చ మొదలైంది. అప్పటినుంచే మా అత్తమ్మ మొహంలో నవ్వు మాయమైంది. పిల్ల పాలు తాగినప్పుడల్లా దొడ్డికి పోతుండె. గట్టిగా ఉండదు, పలుచగా, మధ్యల పెరుగు పలుకులలెక్క తెల్ల తెల్లగా. గుడ్డ విప్పంగనే అత్తమ్మ నా చేతిలోంచి గుంజుకుని వాకిట్లో వెలుతురుకు పట్టి చూసేది. వస అరగదీసి నాలుకకు రాసింది. నాకు పప్పు బంద్ చేసింది, కూరలు బంద్ చేసింది, వట్టి మిరియాల చారు అన్నం పెట్టింది. అయినా పిల్ల తన పని తాను చేస్తనే ఉంది. ఒకనాడు నా ఒడిలోంచి పిల్లను తీసుకుని, "నీ పాలు పిల్లకు పడుతలేవు. ఇగ ఇయ్యకు. సగ్గుబియ్యం జావ పోద్దాం" అన్నది. పాలు నిండి రొమ్ములు రాయి అయినయి. పిల్ల ఏడుపుకు గోడ అవతల మరాఠీ అక్క కూడ ఏడ్చింది.

నేను ఇంటికి పెద్దబిడ్డను. నా వెనుక పుట్టిన తమ్ముళ్ల, చెల్లెళ్ల గుడ్డలన్నీ నేనే ఉతికిన. పసుపుపచ్చని ఆ రంగు, పులిసీ పులవని పాల వాసన నాకు చేతులతో తెలుసు. వాళ్లంతా అట్లనే దొడ్డికి పోయిన్రు, అట్లనే పెరిగిన్రు. ఆ మాట అత్తమ్మతో అన్న. ఆమె పిల్లను భుజాన వేసుకుని గోడ దిక్కు తిరిగి చెప్పింది. "నా మొదటి కొడుకు గిట్లనే పోయిండు. కడుపు కదిలి, కదిలి, పోయిండు. సురుకులు పెట్టించుట్ల ఆలస్యం చేసిన. ఒక్కదినం ముందుగాల పెట్టిస్తె బతుకుతుండె. రెండోసారి ఆలస్యం చెయ్యలే, గందుకే నీ మొగడు బతికిండు."

సురుకులంటే తెలియనోళ్ల కోసం చెప్తున్న. ఎర్రగా కాల్చిన సూదితో పసిపిల్ల బొడ్డు చుట్టూ వాతలు పెట్టుడు. కడుపు నిలబడుతదని ఆ కాలంలో ఊరూరా నమ్మేటోళ్లు. పెట్టే మనిషి ఒక ముసలాయన పక్క ఊర్లో ఉన్నడు, ఐతారం నాడు రమ్మని అత్తమ్మ అప్పటికే కబురు పంపిందట. మా ఆయన రాంగనే చెప్పిన. ఆయన తల్లి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, అంగీ పైకెత్తిండు. బొడ్డు చుట్టూ పాత మచ్చలు, మెరుస్తూ. అన్ని దినాలు కలిసి ఉండి కూడ అవి ఏందని నేను అడగలే. "నాకూ పెట్టించింది. బతికిన కదనే" అన్నడు మెల్లగా. ఆ మచ్చలు చూసినంక నాకు భయం పోయి కోపం వచ్చింది. పిల్లను తీసుకుని, అత్తమ్మ చూస్తుండంగనే, రొమ్ముకు పట్టిన. గటగటా తాగింది. "అత్తమ్మా, ఐతారం కంటె ముందు దవాఖానకు పోదాం. నువ్వు కూడ రా. డాక్టరమ్మ జబ్బు ఉందంటె నువ్వు చెప్పినట్టే వింట. లేదంటె మాత్రం నా బిడ్డ మీద సూది పడనియ్య" అన్న. అత్తగారికి ఎదురు చెప్పుడు అదే మొదలు. ఆమె తిడుతదనుకున్న. "సరే, ఒక్క షరతు. గుడ్డ కూడ తీసుకపోవాలె. నోటితోని చెప్తె వాళ్లకు సమజ్ కాదు, కండ్లతోని చూడాలె" అన్నది.

గుడ్డ ఎందులో పెట్టుకుని పోవాలె? దారి పొడుగునా మనుషులు, దవాఖాన నిండా మనుషులు. అత్తమ్మ ఇల్లంతా కలియజూసి, మూత గట్టిగా పడే గిన్నె ఒకటే కనబడితే, అండ్ల మడిచి పెట్టింది. అది మా ఆయన గనికి తీసుకపోయే టిఫిన్ డబ్బా. నేను వద్దనే లోపల మూత బిగించింది. దవాఖానలో వరుసలో కూసున్నం. కంపౌండర్ మంచి మనిషి, వచ్చి డబ్బా చూసి, "ఏమవ్వా, డాక్టరమ్మకు ఏం వండుకొచ్చినవు?" అని నవ్వుకుంట చెయ్యి చాపిండు. అత్తమ్మ డబ్బాను కడుపుకు అదుముకుని, "నువ్వు తినేది కాదు, పో కొడుకా" అన్నది. వరుసలో ఉన్నోళ్లంతా మా దిక్కు తిరిగిన్రు. నేను కొంగు మొహం మీదికి లాక్కున్న.

డాక్టరమ్మది గుంటూరు దిక్కో, బెజవాడ దిక్కో. పొడుగు మనిషి, గొంతు పెద్దది, తెల్లచీర. పాలు మాన్పించిన సంగతి దాక అంతా నేను చెప్పిన. డబ్బా మూత తీసి చూసి, ముక్కు మూసుకోలే, మొహం తిప్పుకోలే. కిటికీ దగ్గరికి పోయి, మా అత్తమ్మలెక్కనే, వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత పిల్లను తూచింది. నాలుక చూసింది, కడుపు నొక్కింది, పిల్ల ఆమె తెల్లచీర మీద ఉచ్చ పోసింది. డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. "పెద్దమ్మా, ఇది బంగారం. తల్లిపాలు తాగే పిల్లకు విరేచనం ఇలాగే అవుతుంది. కొన్నాళ్లకు రోజుల తరబడి అసలు కాకపోవచ్చు కూడా, అప్పుడు కూడా కంగారు పడకండి. బరువు ఎంత బాగా పెరిగిందో చూడండి. పాలు ఎందుకు మాన్పించారు?" అన్నది. నాకు మొక్కాలనిపించింది. కానీ అత్తమ్మ నమ్మలే. "నా కొడుకు గిట్లనే పోయిండు తల్లీ" అన్నది.

డాక్టరమ్మ అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూసుంది. బయట వరుస పెరుగుతున్నా తొందర పడలే. "ఆ బాబుకు ఎలా అయ్యేదో చెప్పండి" అన్నది. అత్తమ్మ సురుకుల సంగతి కూడ దాచకుండ చెప్పింది. నీళ్లు, వట్టి నీళ్లు, కుళ్లు వాసన. పాలు పట్టలే. కండ్లు లోపలికి పోయినయి. "ఉచ్చ పోశాడా?" అని డాక్టరమ్మ అడిగింది. "లేదు. గుడ్డ పొడిగనే ఉండె. మంచిగైతున్నడని అనుకున్న" అన్నది అత్తమ్మ. ఆ తర్వాత ఒళ్లో ఉన్న పిల్లను చూసింది, కిటికీ దగ్గరున్న పసుపుపచ్చ గుడ్డను చూసింది, డాక్టరమ్మ చీర మీద తడిని చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసింది. "ఇది అది కాదు" అన్నది నెమ్మదిగా. "కాదు. ఆ బాబుకు ఒంట్లో నీళ్లన్నీ పోయాయి. మీరు వాతలు ముందు పెట్టించినా, వెనక పెట్టించినా దానికీ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మా. మీరు ఆలస్యం చేయలేదు" అని డాక్టరమ్మ అన్నది. మా అత్తమ్మ ఏడుస్తుంటే నేను చూసుడు అదే మొదలు, అదే ఆఖరు. తలుపు అవతల అంతమంది చూస్తుండంగ, కొంగు అడ్డం పెట్టుకోకుండ ఏడ్చింది. డాక్టరమ్మ లేవమనలే.

ఐతారం నాడు ముసలాయన రానే వచ్చిండు. చెప్పులు విప్పి, వాకిట్ల కూసోని, సంచిలోంచి సూది తీసి, పొయ్యి రగిలించమన్నడు. లైనులో ఆడోళ్లంతా మా వాకిట్లో జమైన్రు. నేను పిల్లను పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ. అత్తమ్మ లోపలికి పోయి, అప్పుడే విప్పిన గుడ్డ ఒకటి తెచ్చి, జెండాలెక్క రెండు చేతులా విప్పి ఆయన ముందర పట్టింది. "సూడన్నా! రంగు సూడు! గిది జబ్బు కాదు, బంగారమట. పిలిచినందుకు ఏమనుకోకు, చాయ్ తాగి పో. నీ సూది మాత్రం సంచిల పెట్టు. నా మనుమరాలి కడుపు మీద గీత పడదు" అన్నది. ముసలాయన సూది సంచిల పెట్టుకున్నడు. మరాఠీ అక్క చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టిన్రు. నేను లోపలికి పోయి, తలుపు వెనుక కూసోని, పిల్ల కడుపు మీద మొహం పెట్టి నవ్విన. నా జన్మలో అంత గెలుపు నేను ఎరుగను. మా ఆయన మాత్రం ఆ డబ్బా సంగతి తెలిసినంక దాంట్ల అన్నం తిననని మొండికేసిండు. ఎన్నిసార్లు తోమినా తినలే. కొత్త డబ్బా కొనుక్కొచ్చేదాక రొట్టె గుడ్డలో చుట్టుకుని పోయిండు.

పది దినాలుండి పోతనన్న అత్తమ్మ ఇగ ఊరికి పోలే. మా లైను దాటి పక్క లైన్లకు కూడ పెద్దదిక్కైంది. ఎవరింట్ల పసిపిల్ల ఉన్నా గుడ్డలు చూపించుకునేటోళ్లు. పసుపుపచ్చగ ఉంటె నవ్వేది, తల్లికి కూర పప్పు పెట్టమని ఇంట్లోళ్లను కోప్పడేది. ఒక వానకాలం మధ్యాహ్నం ఉత్తరాది ఆమె పిల్లగాన్ని ఎత్తుకుని వచ్చింది. అత్తమ్మ గుడ్డ చూడనన్నా చూడలే, పిల్లగాని కండ్లు చూసింది. తడి గుడ్డ ఎప్పుడు తీసినవని సైగతో అడిగింది. ఆమె తల అడ్డంగ ఊపింది. అంతే, పిల్లగాన్ని గుంజుకుని, చెప్పులు లేకుండ, వానలో, బురదలో దవాఖానకు ఉరికింది. వెనుక తల్లి, ఆ వెనుక నేను. వరుసలో ఉన్నోళ్లను నెట్టుకుంట లోపలికి పోయి, "వీనికి నీళ్లు పోతున్నయి, ఉచ్చ లేదు, జల్ది చూడుండ్రి!" అని ఒర్లింది. సెలైన్ ఎక్కించిన్రు. తెల్లారి పిల్లగాడు ఉచ్చ పోస్తే అత్తమ్మ ఆ తడి గుడ్డ చేతిలో పట్టుకుని వార్డంతా తిరిగి, మంచం మంచానికి చూపించింది. నర్సులు ఆపితే ఆగలే. ఆ పిల్లగాడు మంచిగ బతికిండు. పెరిగి, అదే గనుల్లో కొలువు చేసి, తన లగ్గానికి మా అత్తమ్మకు పట్టుచీర పెట్టిండు.

ఆమె పోయి చాన ఏండ్లైంది, గుడ్డలు చూసే పెద్దరికం నాకు వచ్చింది. పోయేనాటికి వయసెంతని ఎవరన్న అడిగితే నాకు సరిగ్గ చెప్పరాదు. పుట్టిన దినం నుంచి లెక్కేస్తే ఎనభై దాటి ఉంటది. కానీ కొందరి ఆయుష్షు గుండెల మీది బరువు దిగిన దినం నుంచే మొదలైతదని నాకనిపిస్తది, ఆ లెక్కన మా అత్తమ్మ చాన చిన్న వయసులోనే పోయింది.