తెల్లంగి సారుకు రాసిన దరఖాస్తు

నాచారంలో మాకు రెండున్నర ఎకరాల పొలం ఉండేది. ఫ్యాక్టరీల కింద పోయింది. మా నాయన ఊరుకునే రకం కాదు. పెద్ద ఆఫీసరుకు నాలుగు పేజీల దరఖాస్తు రాసి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని, రోడ్డు పక్కన దుకాణం పెట్టుకోను ఒక మడిగె సంపాదించాడు. ఆ మడిగెలోనే నేను ముప్పై ఏళ్ళుగా జిరాక్సు, తర్వాత్తర్వాత ఇంటర్నెట్ నడుపుతూ జనానికి దరఖాస్తులు రాసి పెడుతున్నాను. రామచంద్రం కాక రాస్తే పని అయినట్టే అని ఉప్పల్ దాకా పేరు. ఆ పేరు చూసుకుని నేనెంత విర్రవీగానో, అది ఎవరి కొంప ముంచిందో చెప్తాను. దాచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

విక్రమ్‌ది మోత్కూరు పక్కన ఒక పల్లె. ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. ముప్పై రెండేళ్ళు. కిందటి ఆగస్టులో మిషను అతని ఎడమచేతి మీద పడింది. వేళ్ళు తెగిపోలేదు, అదృష్టవంతుడు అన్నారు అందరూ. ఏం అదృష్టమో! లోపలి నరాలు తెగి మూడు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. కాంట్రాక్టరు పుస్తకంలో అతని పేరే లేదు కనుక ఈఎస్ఐ లేదు, నష్టపరిహారం లేదు. రెండు వారాల కూలి చేతిలో పెట్టి, మంచిగైనంక రమ్మన్నాడట ఆ మహానుభావుడు.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఆరు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే పిడికిలి బిగుస్తుంది. ఆ గడువు దాటితే కీళ్ళు బిగుసుకుపోతాయి, తర్వాత ఎన్ని లక్షలు పోసినా లాభం లేదు. ఆపరేషన్‌కు లక్షా అరవై వేలు కావాలి. గడువు ఫిబ్రవరి పది.

సెప్టెంబరులో ఒకరోజు పాత కంప్యూటరొకటి ఆటోలో వేసుకుని నా మడిగెకు వచ్చాడు.

"కాకా, జర మూలకు జాగ ఇయ్యి. మా రూముల నెట్ లేదు. కిరాయి ఇస్త."

"ఏం జేస్తవ్ దీంతోని?"

"గేమ్ ఆడుత."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సిగ్గు లేదురా? పెండ్లాం బిస్కెట్ల కంపెనీల పొద్దుగాల షిఫ్టు జేసి తెస్తుంటే నువ్వు గేములాడుతవా?" అని నలుగురి ముందు దులిపేశాను. అతను తల వంచుకుని విన్నాడు. నేను ఆపాక, "గేముల సంపాయించనీకె, కాకా. సూపిస్త, సూడు" అన్నాడు.

చూపించాడు. అబ్బా, అదేం లోకమయ్యా! ఎప్పుడూ ముసురు. ఊళ్ళన్నీ గత్తర రోగం తగిలి పాడుబడ్డాయి, దారి పొడవునా ఉరికొయ్యలు. మనకొక వీరుడు ఉంటాడు. వాణ్ణి వేసుకుని ఆ అడవుల్లో, గుట్టల్లో ఎటైనా తిరగొచ్చు. దేశదేశాల వాళ్ళు అదే లోకంలో తిరుగుతుంటారు. తిరగాలంటే అక్కడా బంగారు నాణేలు కావాలి. తోడేళ్ళను చంపి తోళ్ళమ్మాలి, మందుమొక్కలు కోసి వైద్యుడికివ్వాలి, చచ్చి పడినవాడి జేబులు వెతకాలి, సమాధులు తవ్వాలి. ఓపిక లేని డబ్బున్నవాళ్ళు ఆ నాణేలను అసలు రూపాయలిచ్చి కొనుక్కుంటారు. బోడుప్పల్‌లో దుర్గేష్ అని ఒకడు మధ్యన ఉండి విక్రమ్ చేత అమ్మించేవాడు.

"గీ బేరం గేమ్ కంపెనీ ఒప్పుకుంటదా?" అన్నాను.

"ఒప్పుకోదు కాకా. గుట్టుగ జేస్తరు అందరు."

ఆ మాట నేను సరిగ్గా చెవిన పెట్టుకోలేదు. అక్కడే ఉంది నా బుద్ధి తక్కువతనం.

ఇంకొక చిక్కుంది. ఆ ఆటలో కుడిచేత్తో మౌస్ పట్టి కత్తి తిప్పాలి, ఎడమచేత్తో నాలుగు మీటలు నొక్కుతూ వీరుణ్ణి నడిపించాలి. విక్రమ్‌కు ఆ ఎడమచెయ్యే పనికి రాదాయె. మొదటి వారం తోడేళ్ళు అతన్ని పీక్కు తిన్నాయి. అప్పుడు భార్య సంతోషి రంగంలోకి దిగింది. రెండింటికి షిఫ్టు దిగి, టిఫిన్ డబ్బా సంచితో సహా నేరుగా నా మడిగెకు వచ్చి, అతని ఎడమపక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నడక ఆమెది, కత్తి అతనిది.

"ఎన్కకు, ఎన్కకు! మీద వడుతుంది!"

"ఉరుకుతున్న గద, ఆగు! కాళ్ళు నావి, నీకేం ఎరుక?"

ఇద్దరూ ఒక మనిషయ్యేసరికి పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత చూడాలి వాళ్ళ జోరు. జిరాక్సుకు వచ్చినవాళ్ళు కాగితాలు మరిచిపోయి నిలబడేవాళ్ళు. నేను కసురుకుంటూనే నా కుర్చీ కొంచెం అటు జరుపుకునేవాణ్ణి.

ఒక్క విషయంలో మాత్రం రోజూ కొట్లాట. పడి ఉన్న శవం దగ్గరికి సంతోషి వీరుణ్ణి నడిపించేది కాదు. ఊళ్ళో శవయాత్రలో పేలాలతో కలిపి చల్లిన చిల్లరను వాళ్ళ అమ్మ తొక్కనిచ్చేది కూడా కాదట.

"సచ్చినోళ్ళ పైసలు మనకెందుకు? చెట్ల మందు తెంపుదాం పా."

"గది గేమే సంతోషీ! నిజం శవమా?"

"పైసలు నిజమే గద?"

వీరుడు శవాన్ని వదిలేసి మొక్కల వైపు నడిచేవాడు. పదింతలు కష్టమైనా మొక్కలతో, తోళ్ళతో, చేపలతోనే వాళ్ళు ఆ వీరుణ్ణి పెంచారు. నాలుగు నెలలు. జనవరికి వాడికి నల్లగుర్రం, వెండికవచం, కొండ మీద ఒక ఇల్లు. దుర్గేష్ ఫోన్ చేశాడు: విదేశాల్లో ఒకాయన వీరుణ్ణి ఉన్నట్టుగానే, గేము ఖాతాతో సహా కొంటాడట. లక్షా డెబ్బై వేలు. జనవరి ఆఖరి ఆదివారం చేతులు మారాలి. సోమవారం ఆపరేషన్‌కు చేరమని డాక్టరు రాసిచ్చేశాడు. ఆ చీటీ నేనే జిరాక్సు తీశాను. పైసలు తీసుకోలేదు.

ఆదివారానికి మూడు రోజుల ముందు విక్రమ్ రక్తపరీక్షలకు ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి దవాఖానాకు వెళ్ళాడు. సంతోషి ఒక్కతే కూర్చుని మొక్కలు కోస్తోంది. ఉన్నట్టుండి కేకేసింది.

"కాకా, జర ఇటు రా! తెల్లంగి ఏసుకున్న సారు ఎవరో వచ్చిండు. ఏందో అడుగుతుండు."

వెళ్ళి చూశాను. వానలో తడవకుండా ఒక తెల్లని ఆకారం నిలబడి ఉంది. కింద ఇంగ్లీషులో అక్షరాలు. ఆడేది మనిషేనా, మీరు ఉన్నారా అని మొదటి ప్రశ్న. విక్రమ్ నేర్పినట్టు సంతోషి అవునని కొట్టింది. రెండో ప్రశ్న: నేను గేమ్ కంపెనీ తరఫున వచ్చాను, ఈ ఖాతా మీదేనా, రోజంతా ఒక్కరే ఆడుతున్నారా?

"మనదేనా అని అడుగుతుండు బిడ్డా."

"నాది కాదు గద కాకా, ఆయనది. ఆయనకు ఫోన్ జేస్తే ఎత్తుతలేడు. సారును ఎంతసేపు నిలవెడ్త?"

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా నేను! కంప్యూటరు ఆపేస్తే పోయేది. కానీ ఎదురుగా ఒక ఆఫీసరు. మర్యాదగా అడుగుతున్నాడు. నాలోని మా నాయన లేచి కూర్చున్నాడు. ఆఫీసరుకు కష్టం ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే కరగకుండా ఉంటాడా?

"జరుగు బిడ్డా, నేను రాస్త" అన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. తెర మీద రాసే ఆ డబ్బాలో ఒకసారికి ఒక్క వాక్యమే పడుతుంది. ఏడు ముక్కలుగా పంపాను.

"గౌరవనీయులైన సారు గారికి నమస్కరించి వ్రాసుకొనునది. ఈ ఖాతా నా భర్త విక్రమ్‌ది. ఆయన ఎడమచేతి మూడు వేళ్ళు ముడుచుకోవు. అందువలన నేను నడిపిస్తాను, ఆయన కత్తి తిప్పుతారు. ఇందులో వచ్చిన నాణేలు అమ్ముకొని మా ఇల్లు గడుపుకొనుచున్నాము. వచ్చే ఆదివారం ఈ వీరుణ్ణి అమ్మి ఆపరేషన్ చేయించుకొనుచున్నాము. కావున తమరు దయతలచి మాకు ఎటువంటి ఆటంకము కలుగకుండా చూడవలసినదిగా ప్రార్థన."

తర్వాత జవాబొచ్చింది. నిజాయితీగా చెప్పినందుకు ధన్యవాదాలు, మీ భర్త త్వరగా కోలుకోవాలి.

"సూసినవా బిడ్డా! థాంక్యూ అన్నడు" అన్నాను. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సంతోషి తెరకేసి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

తెర నల్లబడింది. కరెంటు పోయిందనుకున్నాను. కానీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. నల్లతెర మీద నాలుగు వరుసలు వచ్చాయి. ఖాతా వేరేవాళ్ళతో పంచుకున్నందుకు, డబ్బుకు అమ్ముకున్నందుకు శాశ్వతంగా మూసివేయడమైనది.

"ఏమంటుండు కాకా?"

ముప్పై ఏళ్ళు ఊరందరి కాగితాలు చదివి చెప్పినవాణ్ణి, ఆ నాలుగు వరుసలు చదివి చెప్పలేకపోయాను.

విక్రమ్ నాలుగింటికి వచ్చాడు. చేతిలో రక్తపరీక్ష కాగితాలు. చెప్పాం. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. తెర చదివాడు, నేను రాసిన ఏడు ముక్కల గురించి ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"అన్నీ చెప్పినవా కాకా? ఆదివారం సంగతి గూడ?"

"చెప్పిన బిడ్డా. నా చేతులిరిగిపోను."

"గట్లనకు. చేతులు గట్ల ఊకెనే ఇరగొద్దు."

తర్వాత కంపెనీకి ఇంకో దరఖాస్తు రాశాను, ఈసారి విక్రమ్ చెప్పినట్టు అన్నీ అబద్ధాలే. నిమిషంలో జవాబొచ్చింది: నిర్ణయం మారదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. దుర్గేష్ ఫోన్ ఎత్తడం మానేశాడు. నా దగ్గర ఉన్న ఇరవై రెండు వేలు తీసుకెళ్ళి ఇస్తే విక్రమ్ వద్దనలేదు, కానీ దవాఖానా వాళ్ళు చాలవన్నారు.

మర్నాడు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. కొత్త ఖాతా. ఒంటి మీద గోనెగుడ్డ, చేతిలో కట్టె, గుర్రం లేదు, ఇల్లు లేదు. ముసురులో ఒక బురద ఒడ్డున వీరుడు మళ్ళీ పుట్టాడు. రెండు వారాల్లో నాలుగు నెలల కష్టం ఎట్లా వస్తుందని నేను అడగలేదు, వాళ్ళూ అనుకోలేదు. సంతోషి షిఫ్టుకు పోవడం మానేసింది. పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్ళు.

రెండోరోజు దారిలో ఒక శవం కనబడింది. విక్రమ్ అడగకముందే వీరుడు తిన్నగా శవం దగ్గరికి నడిచి ఆగాడు. నేను సంతోషి ముఖం చూశాను. కళ్ళు మూసుకుని ఉంది, వేలు మాత్రం మీట మీద ఉంది. "జేబు సూడు" అంది మొగుడితో. ఆ తర్వాత ఒక్క శవాన్నీ వదల్లేదు. సమాధులు కూడా తవ్వారు. అన్నీ కలిపి ఎవరెవరికో అమ్మితే చేతికొచ్చింది నాలుగు వేల చిల్లర రూపాయలు.

ఫిబ్రవరి పది వచ్చింది, పోయింది. ఆరోజు సాయంత్రం విక్రమ్ కంప్యూటరు ఆపేసి, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో ఇద్దరూ ఒక కాగితం తీసుకుని వచ్చారు. నేను దరఖాస్తులు రాయడం మానేసి అప్పటికి రెండు నెలలు. బోర్డు కూడా తీసేశాను.

"వికలాంగుల పింఛనుకు దరఖాస్తు కాకా. నువ్వే రాయాలె" అంది సంతోషి.

"నా చెయ్యి మంచిది కాదు బిడ్డా. ఇంకెవరితోనన్నా రాపియ్యిన్రి."

"కాదు కాకా, నువ్వు ఉన్నది ఉన్నట్టు రాస్తవ్. గీసారి గదే గావాలె."

పెన్ను తీశాను. గౌరవనీయులైన సారు గారికి నమస్కరించి వ్రాసుకొనునది అని మొదలుపెట్టాను. నా ఎడమచేతి మూడు వేళ్ళు ముడుచుకోవు అని రాశాను. అక్కడ కళ్ళు మసకబారి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

సంతకం పెట్టమని కాగితం విక్రమ్ ముందుకు తోశాను. కుడిచేత్తో పెన్ను పట్టుకున్నాడు. ఫ్యాను గాలికి కాగితం లేస్తోంది. సంతోషి అలవాటుగా అతని ఎడమపక్కకు వచ్చి కూర్చుని, కాగితం కదలకుండా పట్టుకుంది.