యూనిక్స్ ఎక్కడైనా ఒకటే, మావయ్యా!

తిరువూరులో మా మావయ్య పత్తి మిల్లు కంప్యూటరు, సీజను మొదటిరోజునే ఓల్టేజీ దెబ్బకి చచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. చంపింది ఓల్టేజీ కాదు, నేను. ఎలా చంపానో వింటే మీ ఇంట్లో కంప్యూటరుకి దిష్టి తీస్తారు.

తొంభైల చివర్లో, విజయవాడలో, కంప్యూటరుని నడిపించే యూనిక్స్ అనే సిస్టమ్ మీద కోర్సు చేసొచ్చి, కోడె దూడలా ఊళ్ళో తిరిగేవాణ్ణి. కూతురు సుజాతని నాకివ్వాలా వద్దా అని మావయ్య ఇంకా తేల్చలేదు.

మిల్లులో తూకం చీటీలిచ్చే చిన్న కంప్యూటరు ఉండేది. హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న బీరువాంత మెషీను మావయ్య లారీలో తెప్పించారు. కంపెనీలు వేరు, కానీ రెండింట్లోనూ యూనిక్సే.

"ఒరేయ్, ఆ ట్రాక్టరు పళ్ళచక్రం ఈ ట్రాక్టరుకి పట్టదు గదా. పాత ప్రోగ్రాము దీనికి పట్టుద్దా?"

"అది ఇనుము మావయ్యా, ఇది యూనిక్స్. ఎక్కడైనా ఒకటే!"

పాత యూనిక్స్ ఓ మూల ఒదిగి కూర్చునేది. కొత్తదేమో పండక్కొచ్చిన అల్లుడిలా డిస్కంతా కాళ్ళు చాపుకుంది. మిగిలిన కాస్త చోటు చూసి, ప్రోగ్రాముకి మనిషి రాసిన మూలం, అదే సోర్సు కోడు, ఎందుకు దండగని వదిలేశాను. దాన్నుంచి మెషీను భాషలోకి మార్చిన ఫైలొక్కటే టేపుకెక్కించి, పాత కంప్యూటరుని శుభ్రంగా తుడిచేశాను.

తెల్లారింది. పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరాయి. పైన మబ్బులు. కొత్త మెషీను నా ఫైలుని నడపలేనంది. మళ్ళీ కమాండు కొట్టాను. మళ్ళీ అదే మాట. ఏం చెప్పమంటారు! పేరుకి అన్నీ యూనిక్సే, లోపల చిప్పుచిప్పుకీ భాష వేరు. మూలం ఉంటే కొత్త భాషలోకి మార్చుకోవచ్చు. దాన్నే కదా తుడిచేశాను!

"ఏం బాబూ, ముందు చీటీ వస్తదా, వాన వస్తదా?" అన్నాడో రైతు.

"ఏమైందిరా?" అన్నారు మావయ్య.

"ఓల్టేజీ మావయ్యా!"

ఆడలేక మద్దెల ఓడంటారు. నాకు మద్దెల దొరకలేదు, అటే సైకిలు మీద పోతున్న లైన్‌మన్ ప్రకాశం దొరికాడు. మావయ్య అతన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో గొణిగి, అందరి ముందుకీ లాక్కొచ్చారు.

"ఏం కరెంటయ్యా నీది! బంగారంలాంటి మెషీను తగలబెట్టావు!"

"తప్పయిపోయిందండి."

సిగ్గులేకుండా నేనూ గొంతు కలిపాను. "ఇలాంటి కరెంటు మీద యూనిక్స్ ఎలా నిలబడుద్ది?"

చీటీలు చేత్తో రాశాం. వానకి ముందే పత్తి లోపలికి చేరింది. ఆ ఏడే నాకూ సుజాతకీ పెళ్ళయింది.

మొన్న బస్టాండులో ప్రకాశం గారు కనిపిస్తే చేతులు పట్టుకున్నాను. "ఆ రోజు తప్పు మీది కాదండీ, నాది."

"తెలుసండీ. లైను పనుందని ఆ పొద్దున్నే కరెంటు తీసింది నేనే. అప్పుడు మీ మిల్లు జనరేటరు మీద నడుస్తోంది."

"మరి మావయ్యకి?"

"డీజిలు పోయించిందే ఆయన. 'నలుగురిలో మావాడి పరువు పోతే పిల్లనెట్టా ఇవ్వను? కాసిని తిట్లు తినిపో' అన్నారు."

"తిన్నారా!"

"మీ పెళ్ళి భోజనం కూడా తిన్నానండి."

అందుకే సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ రెండింటినీ ఒకటే అనను. కరెంటు మీద నెపం వేసే ముందు, వెనకాల జనరేటరు మోగుతోందేమో చెవులు రిక్కించి మరీ వింటాను.