ఒక్కసారి నాన్న వేషం

ఈ గల్ఫ్ దేశంలో మీనా సల్మాన్ రేవు గోదాముల్లో పనిచేసే మనవాళ్లు ఏటా ఉగాదికి ఒక నాటకం వేసేవాళ్లు. నా మొహం చూడగానే చేతిలో కొరడా పెట్టేవాళ్లు. దొర వేషం, లేకపోతే దొంగ వేషం. ఆ ఏడు మాత్రం బతిమాలి, పోట్లాడి తండ్రి వేషం సంపాదించాను. చిక్కల్లా సెలవుతోనే. నాటకం శుక్రవారం మధ్యాహ్నం. శుక్రవారం అద్లియాలోని మా హోటల్లో కాలు పెట్టే చోటుండదు. నేనేమో వడ్డించే పనిలో కొత్తగా చేరినవాణ్ణి.

యజమానిది గ్రీసు దేశం. ఆయన అన్న అక్కడి సినిమాల్లో ముప్పై ఏళ్లు విలన్ వేషాలు వేసి, విశ్రాంతికని తమ్ముడి దగ్గరికి వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో తన కథ చెప్పేవాడు. హీరో అవుదామని వెళ్తే కనుబొమ్మలు చూసి కత్తి ఇచ్చారట. ఇక కొండ మీంచి పడ్డాడు, బావిలో పడ్డాడు, ప్రతి హీరో చేతా చచ్చాడు. సంతలో ఒకావిడ టమాటాలు అమ్మనని తిట్టి పంపిందట. ఒక్కసారి మంచి డాక్టరు వేషం దొరికితే, రోగికి విషం ఎప్పుడిస్తాడా అని జనం చివరిదాకా కాచుకు కూర్చున్నారట. ఇదంతా ఆయన నవ్వుతూ చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. ఇందులో నవ్వడానికేముంది?

బుధవారం కాఫీ ఇస్తూ అడిగేశాను. నాటకం ఎక్కడో, ఎన్నింటికో చెప్పి, "సార్, సెలవు కోసం మీ తమ్ముడికి ఒక మాట చెప్తారా? మొదటిసారి నాన్న వేషం" అన్నాను.

ఆయన నా భుజం తట్టి, "నే, నే" అన్నాడు.

గుదైబియాలో మా గదిలో అందరిదీ హైదరాబాదు ఉర్దూ. లేచింది మొదలు, నీళ్లున్నాయా అంటే "నై", బాత్రూం ఖాళీయా అంటే "నై". నా చెవికి ఇంకేం వినిపిస్తుంది? భుజం తట్టింది ఓదార్పనుకున్నాను. మళ్లీ అడగడానికి రోషం అడ్డొచ్చింది. నాటకం నేర్పే టైలర్‌కు ఫోన్ చేసి, నావల్ల కాదన్నాను.

"ఏందన్నా, గింత లొల్లి జేసి తీస్కుంటివి, ఇప్పుడు వద్దంటున్నవ్?" అన్నాడు.

"సెలవు దొరకలే. ఇంకొకన్ని పెట్టుకో" అని కోపంగా పెట్టేశాను.

శుక్రవారం సాయంత్రం దాకా ప్లేట్లు మోశాను. యజమాని జాడ లేదు. మగ్రిబ్ నమాజు వేళకు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పెద్దాయన కోటు వేసుకుని ఉన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఏడ్చాను. హాలంతా ఏడ్చింది. ఆ గడ్డంలో నువ్వని పోల్చుకోలేకపోయాను!"

తమ్ముడు నన్ను వింతగా చూశాడు. "అప్పుడే డ్యూటీకి వచ్చేశావా? రోజంతా సెలవు ఇచ్చాను కదా. అన్న నీకు బుధవారమే చెప్పాడట."

"నై అన్నారు" అన్నాను.

"నే అన్నాడు. మా భాషలో నే అంటే అవును."

నా తెలివిని, నా రోషాన్ని అక్కడికక్కడే చెప్పుతో కొట్టాలనిపించింది. ఆ తండ్రి నేను కాదు, టైలర్ నా బదులు పెట్టుకున్న ఎవరో వెల్డర్ అని చెప్పబోయాను. ఈలోగా, మా మాటలేవీ పట్టని పెద్దాయన అన్నాడు: "ముప్పై ఏళ్లలో నా కోసం ఎవరూ ఏడవలేదు. నీ కోసం ఏడ్చారు."

ఇంకేం చెప్పను? వారం తరువాత విమానం ఎక్కేదాకా ఆయన నన్ను "ఫాదర్" అనే పిలిచాడు. పిలిచినప్పుడల్లా సిగ్గు లేకుండా పలికాను.